రెక్కల వెల

సంస్కృత పంచతంత్రంలో ఒక సాలెవాని కథ ఉన్నది. రాజకుమార్తెను చూసి మనసుపడిన ఆ సాలెవానికి, అతని మిత్రుడైన వడ్రంగి ఒక కొయ్య గరుడపక్షిని చేసి ఇస్తాడు. మర తిప్పగానే ఆ పక్షి ఆకాశానికి ఎగురుతుంది. సాలెవాడు విష్ణువు వేషం ధరించి, దానిమీద ఎక్కి అంతఃపురానికి చేరుకుంటాడు. తరువాతి కథ ఎంత రసవత్తరంగా సాగినా, కథకుడు ఒక్క విషయాన్ని మాత్రం చెప్పకుండా వదిలివేశాడు. ఆ పక్షిని చేయడానికి వడ్రంగికి ఎన్ని నెలలు పట్టింది? కొయ్యకు ఎంత ఖర్చయింది? అన్నాళ్ళూ అతని ఇల్లు ఎట్లా గడిచింది? కథకు ఈ లెక్కలు అక్కరలేదు. నిజంగా విమానం చేయబూనిన వానికి మాత్రం ముందుగా కావలసినవి ఇవే.

విమానం అనగానే పెద్ద కర్మాగారాలు, వేలాది మంది కార్మికులు కళ్ళముందు మెదలుతారు. కాని ఇంటి వెనుక కొట్టంలో, తీరిక వేళల్లో, సొంత చేతులతో విమానం చేసుకునేవారు ప్రపంచంలో వేల సంఖ్యలో ఉన్నారు. వీరికోసం కొన్ని సంస్థలు విమాన భాగాలను కోసి, రంధ్రాలు వేసి, పెట్టెలలో సర్ది అమ్ముతాయి. అటువంటి సామగ్రిని ‘కిట్’ అంటారు. అమెరికాలో 1953లో పాల్ పొబెరెజ్నీ స్థాపించిన ప్రయోగాత్మక విమాన సంఘం ఈ అభిరుచికి పెద్ద అండగా నిలిచింది. అక్కడి నిబంధన ప్రకారం, విమాన నిర్మాణంలో సగానికి మించిన పనిని ఔత్సాహికుడు తానే చేసి ఉండాలి. అప్పుడే అది స్వయంనిర్మిత విమానంగా గుర్తింపు పొందుతుంది. కర్మాగారంలో తయారైన కొత్త విమానం కంటే ఇది చౌక అన్నది అందరూ చెప్పే మాట. ఆ మాటలో నిజం ఎంత, మరుగున పడిన లెక్క ఎంత అన్నది పరిశీలించదగినది.

మొదటి విమానమే పొదుపుగా, సొంత చేతులతో చేసుకున్న విమానం. 1903లో అమెరికాలో ఇద్దరు ఈ ప్రయత్నంలో ఉన్నారు. మొదటివాడు శామ్యూల్ లాంగ్లీ. గొప్ప శాస్త్రవేత్త. ఆయనకు ప్రభుత్వ యుద్ధశాఖ 50,000 డాలర్లు ఇచ్చింది. రెండవవారు సైకిళ్ళ దుకాణం నడుపుకునే రైట్ సోదరులు. వారికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. డిసెంబరు 8న లాంగ్లీ విమానం నదిలో కూలిపోయింది. డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం 12 సెకండ్లపాటు గాలిలో నిలిచి 120 అడుగుల దూరం సాగింది. ఆనాటి నాలుగవ ప్రయత్నంలో 59 సెకండ్లు ఎగిరింది. ఆ తరువాత ఈదురుగాలికి తిరగబడి విరిగిపోయింది. మళ్ళీ ఎన్నడూ ఎగరలేదు. తమకు మొత్తం వెయ్యి డాలర్లకు లోపే ఖర్చయిందని ఆ సోదరులు లెక్క చెప్పారు.

యాభై వేలు నీటిపాలైన చోట వెయ్యి గెలిచిందన్న మాట వినసొంపుగా ఉంటుంది. అయితే ఆ వెయ్యి డాలర్లలో చేరని పద్దులు ఎన్నో ఉన్నాయి. 1901లో వారు ఒక చెక్కపెట్టెలో గాలిని ప్రవహింపజేసి సుమారు 200 రెక్కల నమూనాలను పరీక్షించారు. ఆ నెలల శ్రమకు వెల కట్టలేదు. వారి దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాలలో ఇంజనును తయారుచేశాడు. వారు సముద్రతీరంలో ప్రయోగాలు చేస్తున్నంత కాలం సోదరి కేథరిన్ ఇంటిని, వ్యాపారాన్ని కనిపెట్టుకొని ఉన్నది. అంతకుముందు 1896లో రెక్కలతో గాలిలో తేలుతూ కిందపడి ప్రాణం విడిచిన జర్మన్ పరిశోధకుడు ఓటో లిలియంతాల్ అనుభవం వారికి పాఠమైంది. ఈ పద్దులన్నీ కలిపితే ఆ విమానం వెల వెయ్యి డాలర్లు కాదు. డబ్బు రూపంలో చెల్లించిన భాగం మాత్రమే వెయ్యి డాలర్లు.

నేటి కిట్ విమానానికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా విమానపు చట్రానికి మాత్రమే. అంటే రెక్కలు, తోక, నడిమి భాగం. ఇంజను వేరు. గాలిని చీల్చే ప్రొపెల్లర్ వేరు. ఎత్తును, వేగాన్ని, ఇంధనాన్ని చూపే పరికరాలు వేరు. రేడియో, విద్యుత్ తీగలు, ఆసనాలు, రంగు, వీటన్నిటికీ వేర్వేరుగా వెల చెల్లించాలి. చాలా విమానాలలో ఇంజను ఒక్కటే చట్రంతో పోటీపడేంత ఖరీదు చేస్తుంది. అందువల్ల చట్రం ధరను చూసి విమానం ధర తెలిసిందనుకోవడం, తలుపులు కొని ఇల్లు కట్టామనుకోవడం వంటిది.

ఇక పనిముట్ల సంగతి. అల్యూమినియం రేకులతో చేసే చిన్న విమానంలో పది వేలకు పైగా రివెట్లు ఉంటాయి. ప్రతి రివెట్టుకూ రంధ్రం సరిచేయాలి, అంచులోని గరుకును తొలగించాలి, రేకులను తాత్కాలికంగా బిగించాలి, ఒకవైపు గాలి సుత్తితో కొడుతుండగా రెండవవైపు ఇనుప దిమ్మెను ఆనించి పట్టుకోవాలి. ఈ పని అనేకచోట్ల ఒంటరిగా సాధ్యం కాదు. తోడు చేయి కావాలి. ఆ తోడు చేయి తరచుగా భార్యదో, భర్తదో, పిల్లలదో అవుతుంది. చెడిపోయిన రేకును పారవేసి కొత్తది తెప్పించుకోవడానికి కూడా కొంత సొమ్ము పక్కన ఉంచుకోవాలి. చేతివాటం కుదిరేంతవరకు చెడగొట్టడం కూడా చదువులో భాగమే.

అన్నిటికంటే పెద్ద పద్దు కాలం. ఇద్దరు కూర్చునే సాధారణ లోహవిమానానికి సుమారు 2000 గంటల పని అనుకుంటే, ఉద్యోగం చేసుకునే మనిషి వారానికి 10 గంటలు కేటాయించినా 200 వారాలు పడుతుంది. అంటే ఇంచుమించు నాలుగేళ్ళు. పండుగలు, జబ్బులు, పెళ్ళిళ్ళు, విసుగు పుట్టిన వారాలు కలిపితే ఐదారేళ్ళు దాటడం వింత కాదు. గంటకు 100 రూపాయల చొప్పున కూలి కట్టినా ఈ శ్రమ రెండు లక్షల రూపాయలు. నైపుణ్యం గల పనివానికి చెల్లించే కూలితో లెక్కిస్తే ఇంకా ఎన్నో రెట్లు. ఔత్సాహికుడు తన కూలిని తానే వదులుకుంటున్నాడు కాబట్టే ఆ విమానం చౌక అనిపిస్తుంది. అనేకులు ఈ లెక్క వేయకుండా పనికి దిగి, సగంలో అలసిపోయి, అసంపూర్తిగా మిగిలిన రెక్కలను వచ్చిన ధరకు అమ్ముకుంటారు.

‘విద్వద్గద్వాల’గా పేరుగాంచిన సంస్థానపు నేలమీద ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. గద్వాల చీర నూలు ఒడలికి పట్టు అంచును కలిపి నేసేది. ఆ కలయిక చోట మూడు నాడెలు ఆడాలి, పోగు పోగునూ మెలివేసి పట్టించాలి. చీర కొనేవానికి కనబడేది నూలు, పట్టు, జరీ మాత్రమే. మగ్గం ఎక్కడానికి ముందు నూలు తోడినవారి, పడుగు పేనినవారి, అద్దకం వేసినవారి శ్రమ చాలావరకు ఇంటిలోనే, కూలి లెక్క లేకుండానే కలిసిపోతుంది. విమానానికీ, నేతకూ ఈ పోలిక మాత్రమే కాక పాత చుట్టరికం కూడా ఉన్నది. రైట్ సోదరుల విమానపు రెక్కలకు కప్పినది నూలుబట్ట. ఆ తరువాత అనేక సంవత్సరాలపాటు విమానాల రెక్కలకు నార, నూలు వస్త్రాలనే బిగించి, దారంతో కుట్టి, బిగువు కోసం పూతలు పూసేవారు. ఆ నేతలో ఒక పోగు వదులైతే ఆకాశంలో దాని ఫలితం కనబడేది.

మన దేశానికి సంబంధించిన రెండు ఉదాహరణలు ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తాయి. కేరళలోని అలప్పుళకు చెందిన అశోక్ తామరాక్షన్ ఇంగ్లండులో స్థిరపడిన ఇంజనీరు. కరోనా కాలంలో ఆయన దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్ సంస్థ నుండి నలుగురు కూర్చునే ‘స్లింగ్’ కిట్‌ను తెప్పించుకొని, సుమారు ఏడాదిన్నరలో పూర్తిచేశాడు. దానికి కూతురి పేరు కలిసివచ్చేటట్లు ‘జి-దియా’ అని పేరుపెట్టి, 2022 నాటికి కుటుంబంతో ఐరోపా దేశాలు తిరిగాడు. అయిన ఖర్చు మన లెక్కలో కోటి రూపాయలకు పైమాట. ఇది తయారైన కిట్, అనుభవం గల తనిఖీ వ్యవస్థ, స్థిరమైన ఆదాయం, మూడూ కలిసివచ్చిన సందర్భం.

ముంబైకి చెందిన పైలట్ అమోల్ యాదవ్ దారి వేరు. ఆయన కిట్ కొనలేదు. ఆరుగురు కూర్చునే విమానాన్ని తానే రూపొందించి, తాము నివసించే భవనం మీది డాబాపై ఏళ్ళ తరబడి నిర్మించాడు. కుటుంబ సభ్యులు అండగా నిలిచారు. 2016 ఫిబ్రవరిలో ముంబైలో జరిగిన ప్రదర్శనకు ఆ విమానాన్ని డాబా మీద నుండి క్రేనుతో దించవలసివచ్చింది. పౌరవిమానయాన సంస్థ వద్ద నమోదు 2017లో, ఎగిరేందుకు అనుమతి 2019లో లభించాయి. 2020 ఆగస్టులో ధూలేలో అది గాలిలోకి లేచింది. జనం చూసిన నాటి నుండి గాలిలోకి లేచిన నాటి వరకు నాలుగేళ్ళు. అనుమతుల కోసం నిరీక్షించిన ఆ కాలం కూడా ఖర్చే. ఎందుకంటే ఆ నాలుగేళ్ళలో పెట్టిన సొమ్ము కదలదు, తెచ్చిన అప్పు మాత్రం ఆగదు.

ఇప్పుడు వనపర్తిలోనో, నాగర్‌కర్నూలులోనో ఒక యువకుడు ఇటువంటి సంకల్పం చేసుకున్నాడనుకుంటే అతని పద్దులో మరికొన్ని వరుసలు చేరుతాయి. కిట్ విదేశం నుండి ఓడలో రావాలి. ఓడ కిరాయి, దిగుమతి సుంకం, రేవు నుండి లారీ కిరాయి చెల్లించాలి. రెక్కలు పట్టేంత పొడవైన కొట్టం కావాలి. పాలమూరు ఎండకు, దుమ్ముకు రంగులు, జిగురులు చెడకుండా చూసుకోవాలి. నైపుణ్యానికి మాత్రం ఈ ప్రాంతంలో లోటు లేదు. వనపర్తి సంస్థానాధీశుల భవనంలో పాలిటెక్నిక్ కళాశాల వెలసి తరతరాల విద్యార్థులకు యంత్రవిద్యను నేర్పింది. రంగారెడ్డి జిల్లా ఆదిబట్లలో 2018లో ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల చట్రాలు తయారవుతున్నాయి. రివెట్టు కొట్టే చేతులు మన ఊళ్ళలోనే ఉన్నాయి. విమానం దిగే నేల మాత్రం ఈ మూడు పట్టణాలలో లేదు. గద్వాల వారికి తుంగభద్ర అవతల, కర్నూలు సమీపాన ఓర్వకల్లులో 2021 మార్చి నుండి విమానాశ్రయం పనిచేస్తున్నది. అక్కడైనా మరెక్కడైనా చోటుకు అద్దె తప్పదు. పైగా విమానం చేయడం వేరు, నడపడం వేరు. శిక్షణకు, వైద్యపరీక్షలకు, అనుమతి పత్రానికి అయ్యే వ్యయం విమానం వెలలో ఎక్కడా కనిపించదు.

విమానం పూర్తయిన రోజుతో ఖర్చు ముగియదు. వంద అశ్వశక్తి గల చిన్న ఇంజను గంటకు సుమారు 20 లీటర్ల ఇంధనం తాగుతుంది. లీటరు 100 రూపాయలని అనుకుంటే గంటకు 2000 రూపాయలు. ఏడాదికి 50 గంటలు ఎగిరితే లక్ష రూపాయలు. ఈ తరగతి ఇంజన్లలో విరివిగా వాడే రోటాక్స్ రకాన్ని 2000 గంటల తరువాత పూర్తిగా విప్పి బాగుచేయించడమో, మార్చడమో చేయాలి. 20 లక్షలు పెట్టి ఇంజను కొన్నవాడు గంటకు మరో వెయ్యి రూపాయలు పక్కన పెట్టుకుంటేనే ఆనాటికి సిద్ధంగా ఉంటాడు. బీమా, తనిఖీలు, టైర్లు, బ్యాటరీలు దీనికి అదనం. ఏడాదికి 50 గంటలకు బదులు 10 గంటలే ఎగిరినా అద్దె, బీమా తగ్గవు. అప్పుడు ఒక్కొక్క గంట మరింత ప్రియమవుతుంది.

అయితే పొదుపుకు తావే లేదా? ఉన్నది. నలుగురు మిత్రులు కలిసి ఒక విమానం చేసుకుంటే పెట్టుబడి నాలుగోవంతు అవుతుంది, తోడు చేయి దొరుకుతుంది, ఒకరి పొరపాటు మరొకరి కంట పడుతుంది. ఇతరులు సగంలో విడిచిన కిట్‌ను పరీక్షించి కొనవచ్చు. ఒకేసారి అంతా కొనక తోక, రెక్కలు, నడిమి భాగం అన్న క్రమంలో తెప్పించుకోవచ్చు. రాత్రివేళ ప్రయాణం అక్కరలేనివాడు దానికి తగిన పరికరాలను మానుకోవచ్చు. రంగు సాదాగా వేసుకోవచ్చు. ఇవి ఆశను తగ్గించుకొని చేసే పొదుపులు. వీటి వల్ల ప్రాణానికి హాని లేదు.

జాగ్రత్తను తగ్గించుకొని చేసే పొదుపులు వేరు. 1930ల్లో ఫ్రాన్సు దేశస్థుడైన ఆంరీ మిన్యే పేదవాని కోసం ఒక చిన్న విమానాన్ని రూపొందించాడు. అది 1933లో ఎగిరింది. దానిని ఎట్లా చేసుకోవాలో వివరిస్తూ ఆయన రాసిన పుస్తకం చదివి ఐరోపాలో ఎందరో కొట్టాలలో పనికి దిగారు. కాని ఆ విమానం ముక్కు ఒక హద్దు మించి కిందికి వాలితే, ముందు రెక్కకూ వెనుక రెక్కకూ మధ్య గాలి ప్రవాహం చిక్కుపడి తిరిగి పైకి లేచేది కాదు. అనేకమంది మరణించారు. పెద్ద గాలి సొరంగాలలో పరీక్షించిన తరువాతనే దోషం బయటపడింది. 1936 నాటికి ఆ విమానంపై ఆంక్షలు వచ్చాయి. చేసినవారి పనితనంలో లోపం లేదు. చాలినంత పరీక్ష చేయకపోవడమే లోపం. పరీక్షకు వెచ్చించని సొమ్మును ప్రాణాలతో చెల్లించవలసివచ్చింది.

1997 అక్టోబరు 12న అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ మరణం మరొక పాఠం. ఆయన కొన్నది వేరొకరు ఇంట్లో చేసుకున్న విమానం. రూపకర్త గీసిన పటంలో, ఒక ఇంధనపు తొట్టి నుండి మరొకదానికి మార్చే పిడి పైలట్ చేతికి అందేచోట ఉన్నది. నిర్మించినవాడు దానిని పైలట్ భుజం వెనుకకు మార్చాడు. దానికి తగిన గుర్తులు కూడా లేవు. గాలిలో ఆ పిడిని అందుకోవడానికి వెనుకకు తిరిగినప్పుడు విమానం అదుపు తప్పి సముద్రంలో కూలిందని దర్యాప్తులో తేలింది. ఒక పిడిని జానెడు దూరం జరపడానికి పెద్ద ఖర్చు కాదు. దాని వెల ఒక నిండు జీవితం.

వ్యాపార సంస్థలకు కూడా ఈ లెక్క తప్పలేదు. అమెరికాలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ కిట్లతో తయారై ఎగిరిన విమానాలు పదకొండు వేలకు పైగా ఉన్నాయి. గిరాకీ పెరిగిన కాలంలో రంధ్రాలను లేజరుతో కోసిన భాగాలను ఆ సంస్థ పంపింది. రివెట్ల కోసం వాటిని సిద్ధం చేస్తున్నప్పుడు కొన్నిటి అంచులలో పగుళ్ళు కనిపించాయి. భాగాలను మార్చి ఇవ్వవలసివచ్చింది. ఇతర నష్టాలూ తోడయ్యాయి. 2023 డిసెంబరులో సంస్థ దివాలా రక్షణ కోసం న్యాయస్థానానికి వెళ్ళింది. అప్పటికే సొమ్ము కట్టినవారు తమ కిట్ల కోసం మరింత చెల్లించవలసివచ్చింది. 2024లో సంస్థ కోలుకున్నది. ఐదారేళ్ళు సాగే పనిలో మొదటి రోజు రాసుకున్న ధర చివరి రోజు వరకు నిలవదని ఈ ఉదంతం తెలియజేస్తుంది.

సొంత చేతులతో యంత్రం చేయడమంటే ఏమిటో తెలంగాణకు తెలియనిది కాదు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, చీరకు ఆసు పోయడంలో తల్లి లక్ష్మి వేల పర్యాయాలు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూశాడు. ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేయాలని 1992లో పూనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. హైదరాబాదులో కూలిపని చేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక్కొక్క భాగమే కొన్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి ‘లక్ష్మీ ఆసు యంత్రం’ అని తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆ యంత్రం ఆకాశానికి ఎగరలేదు. కాని ఎందరో తల్లుల భుజాల మీది భారాన్ని దించింది. దాని అసలు వెలలో ఇనుము, మోటారు వంతు స్వల్పం. ఏడేళ్ళ కాలం, ఇరుగుపొరుగుల ఎగతాళి, ఇంటివారి ఓర్పు, ఇవి అధికం.

తెలుగులో పక్షికి ఉన్నవీ రెక్కలే, మనిషి భుజాలూ రెక్కలే. ‘రెక్కల కష్టం’ అంటే ఒళ్ళు వంచి చేసిన శ్రమ. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల బతుకు ఆ మాటకు నిలువెత్తు భాష్యం. విమానపు రెక్కల వెలను లెక్కించేవాడు ముందుగా ఈ రెక్కల వెలను పద్దులో రాయాలి. తన శ్రమను, ఇంటివారి సహనాన్ని, తోటివారి సాయాన్ని, పరీక్షలకు పట్టే కాలాన్ని రాసుకొని, వాటి పక్కన డబ్బును రాయాలి. అంతా కూడి చూసుకున్న తరువాత కూడా ఎగరాలన్న కోరిక నిలిచి ఉంటే, ఆ విమానం చౌకా, ప్రియమా అన్న ప్రశ్న పెద్దది కాదు. పంచతంత్రంలోని వడ్రంగి మిత్రునికి ఇచ్చినది కొయ్యపక్షిని మాత్రమే కాదు, లెక్కకు అందని తన పనిదినాలను కూడా. ఎగిరినది సాలెవాడే అయినా, మోసినవి మాత్రం ఆ వడ్రంగి రెక్కలే.